గోడ అవతలి టిక్కు

"యాభై ఏడు!" అన్నాడు గెరిట్. "నూటికి యాభై ఏడు, లినియా!"

లినియా తల ఎత్తలేదు. పొద్దుటి నుంచి ఈ మాట వినడం ఇది మూడోసారి.

వంటింటి బల్ల మీద రెండు కాగితాలు పడున్నాయి. ఒకటి మొగుడిది, ఒకటి పెళ్ళానిది. ఇద్దరూ చూసింది ఒకే వీడియో, అవే పది నిమిషాలు. అందులో ఉన్న పిల్ల తన తల తానే ఎన్నిసార్లు కొట్టుకుందో వేరువేరు గదుల్లో కూర్చుని లెక్కపెట్టారు. అతనికి నాలుగొచ్చాయి. ఆమెకు ఏడు.

"పోయిన వారం అరవై. అంతకు ముందు వారం యాభై. ఎనభైకి తగ్గితే కమిటీ నా థీసిస్ మొహం కూడా చూడదు. గురువారం వాళ్ళ ముందు నిలబడాలి. అంతకన్నా ముందు రేపు తొమ్మిదింటికి క్లినిక్‌లో మీటింగు. ఈ అంకె పట్టుకుని ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటావ్?"

"ఉన్న మొహమే పెట్టుకో."

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు గెరిట్. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఏడే."

పొయ్యి దగ్గర గెరిట్ తల్లి నెల్డా బఠాణీ సూపు కలుపుతోంది. కొడుకు డిగ్రీ అందుకోవడం కళ్ళారా చూద్దామని పొలం పనులు మరిదికి అప్పగించి శుక్రవారం సాయంత్రం దిగింది. చర్చి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు. మంచి గౌను మీదే ఏప్రన్ కట్టేసుకుంది.

"ఆదివారం పూట ఈ లెక్కలేంట్రా?" అంది వెనక్కి తిరక్కుండానే. "చర్చికి రమ్మంటే పనుందన్నారు ఇద్దరూ. పనంటే ఇదా?"

గెరిట్ కాగితాలు రెండూ పక్కకి జరిపాడు.

గొడవంతా అంకెలదే అయితే బాగానే ఉండును. గెరిట్‌కి ఈ చదువులో ఇది ఆఖరి ఏడాది. లినియా అదే డిపార్ట్‌మెంటులో మొదటి ఏడాది. మనిషి చేసే పనిని కంటితో చూడడం, లెక్కపెట్టడం, ఆ లెక్కను బట్టి కొంచెం కొంచెంగా మార్చడం, అదీ వాళ్ళ విద్య. అందులో ఒక్కరి లెక్కను ఎవరూ నమ్మరు. రెండో మనిషి విడిగా చూసి లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలవాలి. ఆ రెండో మనిషిగా గెరిట్ పెళ్ళాన్నే పెట్టుకున్నాడు. అయిదు నెలల పాటు నూటికి తొంభై ఏడు కలిసింది. మొగుడూ పెళ్ళాలంటే మీరేనని డిపార్ట్‌మెంటంతా ఏడిపించేది.

మూడు వారాల కిందట, ఒక మంగళవారం, గెరిట్ ఎక్కడో దూరాన ఒమాహా నగరంలో ఉద్యోగానికి సరేనన్నాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేదు. ఆమెకు ఇక్కడ ఇంకో ఏడాది చదువు మిగిలి ఉంది. ఆ వారం నుంచే లెక్కలు కలవడం మానేశాయి.

"నీకేమైందో చెప్పనా?" అన్నాడు గెరిట్. "ఒమాహా మీద కోపం నీకు. ఆ కోపం కౌంటర్ నొక్కే నీ బొటనవేల్లోకి దిగింది."

"ఏంటీ?"

"కావాలని చేస్తున్నావనడం లేదు. నీకు తెలియకుండానే..."

"అబ్బో, ఎంత దయ! మరి నీ బొటనవేలో? దానికి ఒమాహా మీద ప్రేమ ఉండకూడదా?"

గెరిట్ మొహం కందగడ్డలా అయింది. కాలుగాలిన పిల్లిలా వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. ఆ వంటిల్లెంత గనక! మూడడుగులేస్తే గోడ.

"తిన్నాక ఇంకొక్కసారి చూడు. ఇదే మొదటిసారి అనుకుని చూడు. కొట్టుకోవడం వేరు, హెల్మెట్ పట్టీ సర్దుకోవడం వేరు. ఆ తేడా..."

నాలుక కరుచుకున్నాడు. ఏ కదలికను లెక్కపెట్టావు, దేన్ని వదిలేశావు అని ఇద్దరూ ఒకరినొకరు అడగకూడదు. మొదటి రోజు నేర్పే కట్టుబాటు అది.

"ఓహో," అంది లినియా. "నీకవి పట్టీ సర్దుకోవడాలా?"

"తినండి ముందు," అంది నెల్డా, సూపు గిన్నె ఇద్దరి మధ్యా ఠంగుమని దించుతూ.

* * *

సూపు చిక్కగా ఉంది. పక్కన నల్ల రొట్టె, మాంసం ముక్కలు. ఎవరికీ సయించలేదు. చెంచాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఊరుకోవడం చేతకాని మనిషి నెల్డా.

"మీ ఊరి చర్చి బాగానే ఉంది. ప్రసంగం మొదలెట్టగానే ఇక్కడా పెప్పర్‌మింట్ బిళ్ళలు చేతులు మారుతున్నాయి, మా దగ్గర లాగే. నా ముందు బెంచీలో ఓ పాప కూర్చుంది. నీలం రిబ్బన్ కట్టుకుని, బొమ్మలా ఉంది. బిళ్ళ ఇస్తే చెయ్యి చాపదే! ఏం పెంపకమోలే అనుకుని నేనే నోట్లో పెట్టాను."

"ఊఁ," అన్నాడు గెరిట్, వినకుండానే.

"ఇంతకీ మీరు కొట్టుకు చస్తున్న ఆ వీడియో పిల్ల ఎవరు? పేరేంటి?"

"పేరు చెప్పకూడదమ్మా. థీసిస్‌లో పిచ్చుక అని రాశాను. ఇంట్లో కూడా పిచ్చుకే."

"పిచ్చుకా! అమ్మా నాన్నా పెట్టిన పేరేం పాపం చేసింది?"

"అది పద్ధతి." గెరిట్ గొంతు కొంచెం మెత్తబడింది. ఆ పిల్ల మాట వస్తే అతనికి ఎప్పుడూ అంతే. "తొమ్మిదేళ్ళు దానికి. మాటలు రావు. ఏదన్నా కావాలంటే, వద్దంటే, పిడికిలితో కణత మీద కొట్టుకునేది. పది నిమిషాల్లో తొంభై సార్లు. కొట్టుకుని కొట్టుకుని ఎడమ కంట్లో పొర ఊడింది. ఆపరేషన్ చేసి అతికించారు. ఇంకో గట్టి దెబ్బ తగిలితే కన్ను దక్కదన్నారు. రెండేళ్ళుగా హెల్మెట్‌లోనే ఉంది. అందులోనే నిద్ర కూడా."

"అయ్యో బిడ్డా!"

"కావాల్సింది కార్డు చూపించి అడగడం నేర్పానమ్మా. నేనే నేర్పాను. దెబ్బలు అయిదు లోపల మూడు వారాలు వరసగా ఉంటే హెల్మెట్ తీసెయ్యాలని ప్లాన్లో ఉంది. మూడు, మూడు, నాలుగు. రేపు పొద్దున తీసేస్తాం."

"నా కాగితంలో ఆరు, అయిదు, ఏడు," అంది లినియా.

చెంచాలు ఆగిపోయాయి.

"నీ కాగితం నా కాగితాన్ని సరిచూడ్డానికి," అన్నాడు గెరిట్ నెమ్మదిగా. "దాన్ని కాదనడానికి కాదు."

"కాదనే వీలు లేకపోతే ఇక సరిచూడ్డమెందుకు?"

కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ప్రింట్లు తీసుకోవాలని గొణిగి, కోటు తగిలించుకుని బయటికి నడిచాడు. తలుపు దడాలున మూసుకుంది. పక్క వాటాలో ఎవరో ఉలిక్కిపడి దగ్గారు. ఆ క్వార్టర్స్ గోడలు అలాంటివి మరి. అటు తుమ్మితే ఇటు దీవించొచ్చు.

* * *

పడగ్గదిలో మంచం మీద కూర్చుని లినియా వీడియో పెట్టింది. కౌంటర్ చేతిలోకి తీసుకుంది. గుప్పిట్లో ఇమిడే ఇనుప డబ్బీ అది. బొటనవేలితో మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె తిరుగుతుంది.

ఇలాంటివి రెండు కొన్నారు. గెరిట్‌ది ఒమాహా గొడవ జరిగిన రోజే అంట్ల నీళ్ళలో పడి బిగుసుకుపోయింది. పడిందో, పడేశాడో, ఎవరు చూశారు! అప్పట్నుంచి అతను ఫోను అద్దం మీద వేలితో తడుతున్నాడు. మామూలుగా అయితే అతను ముందు గదిలో, ఆమె ఇక్కడ. గోడకి అటు నుంచి "మూడు, రెండు, ఒకటి" అని అతను అరుస్తాడు. ఇద్దరూ ఒక్కసారే వీడియో మొదలెడతారు. పిల్ల గొంతు పక్కింటికి వినబడకూడదని శబ్దం తీసేస్తారు.

ఇవాళ అరిచేవాడు లేడు. తనే మొదలెట్టింది.

పిచ్చుక బల్ల ముందు కూర్చుని ఉంది. ముందు బొమ్మ ముక్కలు. ఎరుపు ముక్క కావాలి కాబోలు, కార్డు తీసి గెరిట్ చేతిలో పెట్టింది. తెర మీద గెరిట్ మొహం వెలిగిపోయింది. అది చూస్తే లినియా కోపం సగం చల్లారింది. ఎంత ఓపికగా నేర్పాడో ఆమెకు తెలుసు. వెధవ ఒమాహా.

పిల్ల మణికట్టు పైకి లేచింది. చెవి పక్కన హెల్మెట్ అంచుకి తగిలింది. అది పట్టీ కాదు. దెబ్బే. లినియా నొక్కింది.

తరవాత పిల్ల చేతులు ఒడిలోకి దిగాయి. కదలడం లేదు.

టిక్కు.

లినియా బొటనవేలు నొక్కింది.

ఒక్క క్షణం ఆమెకేం అర్థం కాలేదు. పిల్ల చేతులు ఒడిలోనే ఉన్నాయి. మరి తనెందుకు నొక్కినట్టు? పరధ్యానం, అనుకుంది. నాలుగు రోజులుగా నిద్ర సరిగా లేదాయె. కళ్ళు నులుముకుని తెరకేసి చూసింది.

మళ్ళీ టిక్కు. మళ్ళీ వేలు దిగింది. పిల్ల కిటికీలోకి చూస్తోంది.

ఈసారి లినియా గోడ కేసి చూసింది. ఆ చప్పుడు తన చేతిలోది కాదు. గోడ అవతలిది.

ఒక్క ఉదుటున లేచి ముందు గదిలోకి వెళ్ళింది. సోఫాలో, రోజూ గెరిట్ కూర్చునే చోటే, గోడకి వీపు ఆనించి కూర్చుని నెల్డా సన్నటి మఫ్లరు అల్లుతోంది. వరస పూర్తి కాగానే ఒళ్ళో పెట్టుకున్న చిన్న డబ్బీ మీట నొక్కింది. టిక్కు.

"ఏంటది?" అంది లినియా.

"వరసలు లెక్కపెట్టుకోడానికమ్మా. వయసు మీద పడ్డాక ఎన్ని అల్లానో గుర్తుండి చావదు. ఏం, చప్పుడవుతోందా? మానెయ్యనా?"

"వద్దు! మానొద్దు. నేను లోపలికెళ్తాను. మీరు మీ పని చూసుకోండి. దయచేసి ఆపకండి."

"ఏమైందే అమ్మాయ్? మొహం సున్నం కొట్టినట్టయింది."

లినియా వెళ్ళి తలుపేసుకుంది. ఈసారి కౌంటర్ పట్టుకోలేదు. చెయ్యి తొడ మీద పెట్టుకుని, పిల్లనే చూస్తూ, వేలి సంగతి వేలికే వదిలేసింది.

టిక్కు. వేలు కదిలింది.

టిక్కు. మళ్ళీ కదిలింది. ఆపాలనుకున్నా ఒక్క పిసరు కదిలింది.

ఇంకెవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. లినియా రోజూ చదివేదే ఇది. చప్పుడు, వెంటనే ఓ పని, ఆ పనికి ఓ మెచ్చుకోలు. అయిదు నెలల పాటు గోడ అవతల గెరిట్ కౌంటర్ చప్పుడైంది, ఇవతల తన వేలు నొక్కింది, సాయంత్రానికి తొంభై ఏడు అని అతను బుగ్గ మీద ముద్దు పెట్టాడు. కుక్కపిల్లకి నేర్పినంత తేలిగ్గా నేర్చేసుకుంది ఈ చదువుకున్న మహాతల్లి. ఎవరూ నేర్పకుండానే. తనకి తెలియకుండానే.

అతని కౌంటర్ నీళ్ళలో పడి ఆ చప్పుడు ఆగిన రోజున తన కళ్ళు తెరుచుకున్నాయి. అంతేగాని ఒమాహా లేదు, కోపం లేదు.

నెల్డాని కాసేపు అల్లిక ఆపమని చెప్పి, కౌంటర్ మళ్ళీ తీసుకుని, వదిలిన చోటి నుంచి వీడియో చివరిదాకా లెక్కపెట్టింది.

* * *

మూడింటికి గెరిట్ వచ్చాడు. కోటు మీద వాన చినుకులు, చంకలో కాగితాల చుట్ట. తలుపు దగ్గర నుంచే అడిగాడు.

"చూశావా? ఎన్నొచ్చాయి?"

"తొమ్మిది."

"తొమ్మిదా! నీకేమన్నా..."

"అందులో రెండు మీ అమ్మవి."

గెరిట్ తల్లి కేసి చూశాడు. నెల్డా భుజాలెగరేసింది. "నన్నడక్కురా. నేను మఫ్లరు అల్లుకుంటున్నాను."

లినియా చెప్పింది. దాపరికం లేకుండా, తడబడకుండా మొత్తం చెప్పింది. చెబుతుండగానే గెరిట్ కళ్ళు ఒకసారి గోడ మీదికి, ఒకసారి తల్లి ఒళ్ళో డబ్బీ మీదికి వెళ్ళొచ్చాయి. అతనూ ఆ విద్యలో పండినవాడే. రెండోసారి చెప్పించుకోలేదు. కాగితాల చుట్ట సోఫా మీద పడేసి నిలబడ్డాడు.

"అయిదు నెలలు..." అన్నాడు.

"అయిదు నెలలు నేను ఆ పిల్లను చూడలేదు గెరిట్. నిన్ను విన్నాను."

ఫ్రిజ్ గుర్రుమంది. నెల్డా సూదులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"సరే," అన్నాడు గెరిట్ చివరికి, పెదాలు తడుపుకుంటూ. "నీ లెక్క తప్పు. ఒప్పుకున్నాను. నా లెక్క తప్పని దానర్థం కాదుగా? తొంభై నుంచి నాలుక్కొచ్చింది. అది నిజం."

"తొంభై నుంచి తగ్గింది. అది నిజమే. నాలుగో ఏడో ఎవరికి తెలుసు? నిన్ను సరిచూసిన వాళ్ళు ఒక్కరూ లేరు. నీ లెక్కని నీ లెక్కతోనే సరిచూశాం ఇన్నాళ్ళూ."

"నేను అబద్ధం రాయను!"

"రాశావని ఎవరన్నారు? అది బాగుపడాలని అందరికన్నా నువ్వే ఎక్కువ కోరుకున్నావు. అందుకే చెయ్యి లేచినప్పుడల్లా నీకు పట్టీ కనిపించింది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గెరిట్ కుర్చీలో కూలబడ్డాడు. "గురువారం దాకా ఆగు," అన్నాడు నేల చూస్తూ. "ఒక్క నాలుగు రోజులు. థీసిస్ అయిపోనీ. తరవాత మనిద్దరం కలిసి వెళ్ళి నా గైడు ప్రొఫెసర్ రూస్‌కి చెబుదాం. ఒట్టు."

"గురువారం నీది. ఆగమంటే ఆగుతాను. రేపు తొమ్మిది నీది కాదే! రేపు తొమ్మిది కోరాది!"

నోరు జారింది. జారాక ఇక ఆపుకోవాలనిపించలేదు.

"పిచ్చుకట పిచ్చుక! దాని పేరు కోరా! దానికో కన్నుంది, ఆ కన్ను పోతే మళ్ళీ రాదు!"

"లినియా!" గెరిట్ హడలిపోయి తల్లి కేసి చూశాడు. "పేరు..."

"కోరానా?" అంది నెల్డా.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"పొద్దున నా ముందు బెంచీలో కూర్చున్న పాప పేరూ కోరానే. వాళ్ళమ్మ 'కోరా, నోరు తెరువమ్మా' అంటేనే కదా నేను బిళ్ళ పెట్టింది. తొమ్మిదేళ్ళుంటాయి. ఎడమ కన్ను కొంచెం ఎర్రగా ఉంది. కానీ ఆ పాప నెత్తిన హెల్మెట్టేదీ లేదురా. రిబ్బనుంది."

లినియా మొగుడి మొహం చూసింది. ఇక అడగాల్సిందేమీ లేదు. అయినా అడిగింది.

"గెరిట్?"



"శుక్రవారం కోరా వాళ్ళమ్మ జోలీన్ అడిగింది," అన్నాడు. "మూడో వారం ఎంతొచ్చిందని. నాలుగన్నాను. ఏడ్చేసింది. సోమవారం ఎటూ తీసేస్తారుగా, ఆదివారం చర్చికి రిబ్బన్ కట్టి తీసుకెళ్తానంది. రెండేళ్ళయింది లినియా, కన్న కూతురి జుట్టు ఆవిడ పగటి పూట దువ్వి. నా నోట కాదన్న మాట రాలేదు."

లినియా నెల్డా పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"నెల్డా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. చర్చిలో ఆ పాప తల కొట్టుకుందా?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా?"

"చూశావా?" అన్నాడు గెరిట్. ఆశ ఎక్కడో చావలేదు.

"ఎలా కొట్టుకుంటుందిరా?" అంది నెల్డా. "చేతులు ఖాళీగా ఉంటేగా! గంటన్నర సేపూ వాళ్ళమ్మ ఆ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకునే కూర్చుంది. పాటకి అందరూ లేచి నిలబడ్డా ఆవిడ లేవలేదు. అందుకే కదా బిళ్ళ నేను నోట్లో పెట్టాల్సొచ్చింది."

గెరిట్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"తల్లికి తెలుసు," అంది లినియా మెల్లగా. "నీ కాగితంలో నాలుగున్నా ఆవిడకి తెలుసు. నువ్వు చదువుకున్నవాడివి కదా, నీ మాట నమ్మాలని చూస్తోంది. గెరిట్, ఆవిడ ఎంతసేపని పట్టుకుంటుంది? వంట చెయ్యాలా, స్నానానికెళ్ళాలా? ఫోనివ్వు. జోలీన్ నంబరు నీ దాంట్లోనే ఉంది."

అతను ఫోను తీశాడు. ఇవ్వలేదు.

"చేస్తే ఏమవుతుందో తెలుసా నీకు? హెల్మెట్ మళ్ళీ ఎందుకని అడుగుతారు. అయిదు నెలల లెక్కా బయటికొస్తుంది. థీసిస్ పోతుంది, ఒమాహా పోతుంది. ఆ కాగితాలన్నిటి మీదా రెండో సంతకం నీది. నా ఒక్కడితో పోదు. నిన్నూ పంపించేస్తారు."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"ఫోనివ్వు గెరిట్."

"ఒరే," అంది నెల్డా.

గెరిట్ ఫోను కేసి చూశాడు. మూడు వారాలుగా వేలితో తడుతున్న అద్దం అది. ఇస్తాడనే అనుకుంది లినియా. ఇవ్వలేదు.

"నేనే చేస్తాను," అన్నాడు. "తీసెయ్యమన్నది నేను. పెట్టమని కూడా నేనే చెప్పాలి."

నంబరు నొక్కి, అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. అవతల మోగడం మొదలైంది.

లినియా చేతిలో కౌంటర్ ఇంకా అలాగే ఉంది. ఫోను మోగినప్పుడల్లా తను నొక్కుతున్నానని ఆమెకు కాసేపటిదాకా తెలియలేదు. మూడు. నాలుగు. వంటింట్లో సూపు చల్లారి తెట్టు కడుతోంది. అయిదు. గెరిట్ పెదాలు కదులుతున్నాయి, చెప్పాల్సిన మాట ముందే వల్లె వేసుకుంటున్నట్టు. ఆరు.

ఏడోసారి మోగింది. ఎవరూ ఎత్తలేదు.